కెమెరా కబుర్లు: మనిషిని తుడిచేద్దామా, ఉంచుదామా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి, ఫోటోలో మనిషి. అడ్డమొచ్చిన మనిషి, అడక్కుండా తీసిన మనిషి, అసలు ఫోటోల్లో ఎక్కడా కనపడని మనిషి. అందుకే ఏ లెన్సు కొనాలి, ఏ బ్యాగు మంచిది లాంటివన్నీ వచ్చే నెలకి తోసేసి ఇవే తీసుకున్నా, ఏమనుకోకండి.

ప్రశ్న: నాకు ల్యాండ్‌స్కేప్ ఫోటోలంటే పిచ్చి సార్. గండికోట మాకు బైక్ మీద గంట దూరం, నెలకు రెండు సార్లైనా తెల్లారుజామున పోతా. కానీ ఎప్పుడు పోయినా యాడ చూసినా సెల్ఫీలోళ్ళే. ఇంటికొచ్చి ఫోన్లో ఎరేజర్‌తో అందరినీ తుడిచేస్తా. మా ఫ్రెండ్సేమో నీ ఫోటోలు క్యాలెండర్ మాదిరి ఉంటాయి, ప్రాణం లేదు అంటారు. తుడవడం తప్పా? రెండు ఫోటోలు పంపినా, చూడండి.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పేం లేదు, మీ ఫోటో మీ ఇష్టం. కానీ మీరు పంపిన రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశా. ఒకదాంట్లో ఎడమ పక్క బండ మీద ఎర్ర చొక్కా ఆయన, భుజం మీద పిల్లాడు. రెండోదాంట్లో ఆయన్ని తుడిచేశారు. తుడిచాక ఏమైందంటే, పెన్నా లోయ కాస్తా ఊరవతల కాలవగట్టు అయిపోయింది. అక్కడ లోతు దాదాపు 300 అడుగులు, మీకు తెలుసు ఎందుకంటే మీరు అంచున నిలబడి కిందకి చూశారు, కాళ్ళు జిల్లుమన్నాయి. ఫోటో చూసేవాడికి ఆ జిల్లు ఎక్కడినుంచి వస్తుంది? రాళ్ళకి సైజు ఉండదండీ, గులకరాయిని దగ్గర్నుంచి తీసినా కొండలాగే ఉంటుంది, మనిషి పక్కన ఉంటేనే ఆ రాయి ఎంతో తెలిసేది. ఇంకోటి, ఎర్ర చొక్కా ఆయన పోయాడు గానీ ఆయన నీడ బండ మీద అలాగే ఉంది. జూమ్ చేసి చూడండి. పిల్లాడి నీడతో సహా.

అసలు ఈ తుడిచే పని ఇప్పటిది కాదు. 1838లో పారిస్‌లో, ఫోటోగ్రఫీకి దారి వేసినవాళ్ళలో ఒకడైన డాగెర్ తన కిటికీలోంచి ఒక వీధిని తీశాడు, బులవార్డ్ దు తాంప్ల్ అని, మంచి రద్దీ వీధి. ఆ రోజుల్లో ప్లేటు మీద బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది, దాంతో నడిచేవాళ్ళు, గుర్రబ్బండ్లు ఏవీ పడలేదు, వీధి మొత్తం కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. మూల మీద ఒక్కడు మాత్రం పడ్డాడు, ఎందుకంటే వాడు బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక కాలు పైకి పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఫోటోలో పడ్డ మొదటి మనిషిగా చెప్పుకునేది వాణ్ణే. పాలిష్ చేసేవాడు కూడా ఉన్నాడు గానీ వాడి చేతులు ఆడుతున్నాయి కదా, మసగ్గా మిగిలాడు. ఇప్పుడు ఆ ఫోటో చూసేవాళ్ళెవరైనా మేడల్ని చూడరు, ఆ పెసరగింజంత మనిషి ఎక్కడున్నాడా అని వెతుకుతారు.

ఖాళీగానే కావాలంటే ఎరేజర్ కన్నా ఇదే పద్ధతి నయం. లెన్సు ముందు పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగు తగ్గించే నల్లద్దం పెడితే (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), సెకనులో 125వ వంతు ఉన్న ఎక్స్‌పోజర్ 8 సెకన్లకి పోతుంది, నడిచేవాళ్ళు చాలావరకు మాయమవుతారు, కూర్చున్నవాళ్ళు మాత్రం పోరు. లేదా కెమెరా కదలకుండా ఓ పదిహేను ఫ్రేములు తీసుకుని కంప్యూటర్లో మీడియన్ స్టాక్ చెయ్యండి, అంటే అన్నిట్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలపడం, ప్రతి చోటా ఎక్కువసార్లు ఏముందో అదే మిగుల్తుంది. రెంటికీ ట్రైపాడ్ కావాలి, పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కి ముందే పర్మిషన్ తీసుకోవాలి, చేత్తో తీసుకునేవాటికి మామూలుగా గొడవ ఉండదు. నేచర్ సెక్షన్లో పోటీలకి పంపేట్టయితే ఇంకో చిక్కు. అక్కడ మనిషి ఉండకూడదు, ఉన్నవాణ్ణి తుడవనూ కూడదు. అంటే వాడు వెళ్ళేదాకా ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చోవడమే.

నన్నడిగితే మాత్రం, ఎదురు చూడండి గానీ జనం పోవాలని కాదు, ఒక్కడు మిగలాలని. వాడి వెనక ఆకాశమో నీళ్ళో ఉండాలి, రాళ్ళలో కలిసిపోకూడదు. నడిచే మనిషైతే రెండు కాళ్ళ మధ్య సందు కనపడేటప్పుడు నొక్కండి, లేకపోతే కర్ర పాతినట్టుంటాడు. చూపు ఫ్రేము లోపలికి ఉంటే మంచిది. కాస్త అంచుకి జరుగు బాబూ అని మాత్రం ఎవర్నీ, ఎప్పుడూ అడక్కండి.

ప్రశ్న: మాది జగిత్యాల దిక్కు. అంగడి రోజు కూరగాయలమ్మే అవ్వను దూరం నుంచి ఫోటో తీసిన, ఆమె చూసి మస్తు తిట్టింది, నన్నెందుకు తీస్తున్నవ్, ఏం జేస్కుంటవ్ అని. అందరు మర్రి చూసిన్రు, ఇజ్జత్ పోయింది. అడిగి తీద్దామంటె కొంగు సర్దుకొని కట్టెలెక్క నిలవడ్తరు. అడగకుంటె గిట్ల తిట్లు. ఏం జెయ్యాలె?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: అవ్వ అడిగిన ప్రశ్నే ముందు మీరు చెప్పండి తమ్ముడూ, ఏం జేస్కుంటవ్? నవ్వులాటకి కాదు. ఆ ప్రశ్న నన్ను కూడా ఒకావిడ అడిగింది, వేరే రకంగా.

పదేళ్ళ కిందట సంగతి. చినగంజాం దగ్గర ఉప్పు కొఠార్లలో పొద్దున్నే ఒకావిడ తల మీద ఉప్పు గంపతో గట్టు మీద నడిచి వస్తోంది, వెనక సూర్యుడు, కింద మడి నీళ్ళలో ఆవిడ నీడ. నేను 200 మిల్లీమీటర్ల జూమ్‌తో దూరం నుంచి తీశా, ఆవిడకి తెలీను కూడా తెలీదు. మా క్లబ్బులో దానికి ప్రైజు వచ్చింది, ఇంట్లో ఫ్రేము కట్టించా. మరుసటేడు పెద్ద ప్రింటు తీసుకుని గర్వంగా అక్కడికెళ్ళి వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఆవిణ్ణి పట్టుకున్నా. ఆవిడ ప్రింటుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో నా మొహం ఏదయ్యా అంది. సిల్హౌట్ కదా, మొత్తం నలుపు. ఇది నేనేనని నువ్వు చెప్తే నమ్మాలి, అదిగో ఆ దూరంగా ఉన్నోడు మాత్రం మా మరిది, నడక చూస్తే తెలుస్తా ఉంది అంది. నాకు నోట మాట రాలా. తర్వాత ఇంటికి తీసుకెళ్ళి, చీర మార్చుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కన మనవరాల్ని నిలబెట్టుకుని ఇప్పుడు తియ్యి అంది. మీరన్నట్టు కట్టెలాగే కూర్చుంది. కొరియర్‌లో పంపిస్తే ఆ ఫోటో వాళ్ళ గోడకెక్కింది. నా ప్రైజు ఫోటో నా గోడ మీదే ఉంది, కానీ ఇప్పుడు దాన్ని చూస్తే నాకు ముందు కనపడేది ఆవిడ మరిదే.

పెద్దపెద్దవాళ్ళు కూడా ఇక్కడ తప్పారు. 1936లో డొరొతియా లాంగ్ అమెరికా ప్రభుత్వం తరఫున తిరుగుతూ కాలిఫోర్నియాలో నిపోమో అనే చోట బఠానీ కోతకొచ్చిన కూలీల మధ్య ఒక తల్లిని తీసింది, చెరో పక్క పిల్లలు మొహం దాచుకుని, ఒళ్ళో పసిబిడ్డ, మీరూ ఎక్కడో చూసే ఉంటారు. లాంగ్ ఆ తల్లి పేరు అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ళ తర్వాత. అప్పటికే ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగేసింది, దాని వల్ల తనకి పైసా రాలేదనీ, అసలు తీయకపోయినా బాగుండేదనీ ఆవిడకి కోపం. ఫోటో గొప్పదే, నేను కాదనను. కోపం కూడా న్యాయమే.

సరే, పనికొచ్చే ముక్క. వచ్చే అంగడికి కెమెరా బ్యాగులో పెట్టుకుని పోండి, తియ్యకండి. అవ్వ దగ్గర అరకిలో చిక్కుడుకాయో బెండకాయో కొనండి. అడగండి, కట్టెలాగే నిలబడనివ్వండి, ఆ ఫోటో బుద్ధిగా తీసి చూపించండి, అది ఆవిడ ఫోటో. తర్వాత అక్కడే ఉండండి. పది పదిహేను నిమిషాలకి బేరం వస్తుంది, తరాజు పట్టుకుంటుంది, ఎవర్నో కసురుకుంటుంది, మీరున్న సంగతి మర్చిపోతుంది. మీకు కావల్సింది అప్పుడొస్తుంది. దానికి దూరం నుంచి తీసే 200 మిల్లీమీటర్ల లెన్సు వద్దు, దగ్గర నిలబడి తీసే 35 చాలు, అంత దగ్గర మిమ్మల్ని ఉండనిస్తే ఆవిడ ఒప్పుకున్నట్టే. పై వారం ప్రింటు తీసుకుని పోండి. అప్పటికీ వద్దంటే వద్దు, ఊరుకోవాలి, పక్క కొట్టుకి కూడా పోకూడదు ఆరోజుకి. చిన్నపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నని అడక్కుండా ముట్టుకోకండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటామండీ. ఇంట్లో ఫోటోలన్నీ నేనే తీస్తాను, పన్నెండేళ్ళవి హార్డ్‌డిస్కులో వేలల్లో ఉన్నాయి. మొన్న మా పాప స్కూల్ ప్రాజెక్టుకని పాత ట్రిప్పులు చూస్తూ, అమ్మా నువ్వు మాతో రాలేదా అని అడిగింది. నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. మావారికి ఇస్తే తలలు కోసేస్తారు.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: తలలు కోసే మావార్లు అన్ని రాష్ట్రాల్లోనూ, అన్ని దేశాల్లోనూ ఉన్నారు లెండి.

మీ ఫోటోల్లో మీరు లేరని నేను ఒప్పుకోను. మీరు పంపినవాటిలో చలికాలం పార్కులో తీసిన దాంట్లో పాప చూపు లెన్సులోకి లేదు, లెన్సుకి రెండంగుళాల పైకి ఉంది. అక్కడ మీ కళ్ళున్నాయి. స్కూల్ ఫోటోగ్రాఫర్ తీసిన దాంట్లో అదే పాప ఎలా నవ్విందో పక్కన పెట్టి చూడండి. కెమెరా వెనక ఎవరున్నారనేది ఎదురుగా ఉన్నవాళ్ళ మొహంలో తెలిసిపోతుంది, పాతవాళ్ళకీ ఇది తెలుసు. మన హైదరాబాద్‌లో ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని నడపడానికి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిణ్ణి పెట్టాడు. పరదా వల్లే అనుకోండి. ఆయనెంత గొప్పవాడైనా, కెమెరా వెనక మగవాడుంటే ఆ ఫోటోలు లేవంతే.

కానీ పాపకి ఈ కథ చెప్తే ఊరుకోదు, దానికి మీరు కనపడాలి. కెమెరాని బల్ల మీద పెట్టి ఇంటర్వెల్ టైమర్ పెట్టండి, పది సెకన్లకొకటి చొప్పున అరగంట, మర్చిపోయి దోసెలు పోసుకోండి. నూట ఎనభై వస్తాయి, నూట డెబ్బై పారెయ్యండి. సాయంత్రం ఎండలో మీ నీడ ఇసుకలో పిల్లల కాళ్ళ దాకా పాకితే ఫ్రేములోంచి తప్పించకండి, అది తప్పేం కాదు. అసలు మంచి ఉపాయం, కెమెరా పాపకే ఇచ్చెయ్యండి. కింద నుంచి తీస్తుంది, గడ్డం పెద్దగా వస్తుంది, సగం ఫోకస్ ఉండదు. ఒక్కటీ డిలీట్ చెయ్యకండి.

ప్రశ్న: మా క్లబ్ పోటీకి టాపిక్ "మనిషి ఉనికి". మనిషి లేకుండా గుమ్మం ముందు చెప్పులు, ముగ్గు, తీగ మీద ఆరేసిన బట్టలు లాంటివి పంపొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పంపండి, ఉనికి అన్నారు గానీ మొహం అనలేదుగా. కాకపోతే చెప్పులు అందరూ పంపుతారు, జడ్జీలకి చెప్పుల కొట్టు పెట్టుకునేంత స్టాకు ఉంటుంది. మీ ముగ్గు ఫోటో బాగుంది కానీ ముగ్గు పూర్తయిపోయింది, పండగ గ్రీటింగ్ కార్డులా ఉంది. సగం ముగ్గు, పక్కన మూత తీసిన ముగ్గు డబ్బా, లోపల ఎవరో పిలిస్తే లేచి వెళ్ళినట్టు. అది దొరికితే పంపండి, కావాలని సర్దితే మాత్రం తెలిసిపోతుంది, డబ్బా మరీ అందంగా కూర్చుంటుంది.

ప్రశ్న: జాతరలో తీస్తే మనుషులంతా షేక్ అయిపోతున్నారు, ఎండకి ఎదురుగా తీస్తే మొహాలు నల్లగా వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: షేక్ అయ్యేది మనుషులా మీ చెయ్యా ముందు చూడండి, గుడి గోపురం కూడా షేక్ అయితే అది మీ చెయ్యే. నడిచేవాళ్ళకి షట్టర్ స్పీడు 1/250, డప్పు కొట్టి ఆడేవాళ్ళకి 1/500 పెట్టండి, రాత్రైతే ఐఎస్ఓ, అంటే వెలుగుని పట్టే సున్నితత్వం, 3200 దాకా పెంచడానికి భయపడకండి, ఫోటోలో కాస్త గింజ (గ్రెయిన్) పడితే పడనీండి. ఎదురెండకి ఎక్స్‌పోజర్ ఒక స్టాపు ప్లస్‌కి జరపండి, ఆకాశం తెల్లబడినా ఫర్వాలేదు. బోనం ఎత్తుకున్నావిడ మొహం ఎవరిదో వాళ్ళింట్లో వాళ్ళకి తెలియాలి కదా.