హాల్లో స్పీకర్లా, చెవులకు హెడ్‌ఫోన్సా?

ప్రశ్న: విజయవాడలో అద్దె ఫ్లాట్‌లో ఉంటాం, రెండు పడక గదులు. పాత సినిమా పాటలు, కర్ణాటక సంగీత కచేరీలు అంటే నాకు ప్రాణం. ఇన్నాళ్లూ ఫోన్ స్పీకర్లోనే విని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఒక పదిహేను వేలు పెడదామనుకుంటున్నాను. ఆ డబ్బుకి మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కుంటే స్పీకర్లు దాని ముందు నిలబడవని ఆఫీసులో స్నేహితుడు అంటున్నాడు. ఇంటికొచ్చి కూడా చెవులు మూసుకుని కూర్చుంటారా అని మా ఆవిడ అంటోంది. అమ్మాయి పదో తరగతి. నాకు తీరిక దొరికేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, మళ్లీ ఆదివారం పొద్దున. ఏది కొనమంటారు?

జవాబు: పదిహేను వేలూ ఒక్కదాని మీదే పెట్టకండి. పది, పదకొండు వేలలో చిన్న స్పీకర్ల జత ఒకటి, మిగిలిన దాంతో వైరున్న హెడ్‌ఫోన్స్ ఒకటి, ఇదీ నా సలహా. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే కొనడం కంటే కొన్నాక ఎక్కడ పెడతారన్నదే పెద్ద విషయం.

మీ స్నేహితుడి లెక్క తప్పేమీ కాదు. హెడ్‌ఫోన్స్‌లో కదిలే పొర చిన్నది, చెవికి అంగుళం దూరంలో ఉంటుంది, గదంతా శబ్దంతో నింపాల్సిన పని దానికి లేదు. అందుకే నాలుగు వేల హెడ్‌ఫోన్స్‌లో గాయని ఊపిరి పీల్చుకోవడం, వీణ తీగ మీద వేలు జారేటప్పుడు వచ్చే సన్నటి గీర కూడా వినిపిస్తాయి. అదే ధర స్పీకర్లలో అవి ఫ్యాను రొదలో, గోడల ప్రతిధ్వనిలో కలిసిపోతాయి. వివరాలు వినడమే మీకు ముఖ్యమైతే నేను కూడా హెడ్‌ఫోన్సే కొనమంటాను.

కానీ మీరు వినేది కచేరీలు. స్టీరియో, అంటే ఎడమకీ కుడికీ వేర్వేరు శబ్దం పంపే ఏర్పాటు, పుట్టిందే స్పీకర్ల కోసం. లండన్‌లో ఈఎంఐ సంస్థ ఇంజనీరు అలాన్ బ్లమ్లైన్ 1931లో దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. సినిమాలో నటుడు తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచినా గొంతు మాత్రం ఒక్క చోటి నుంచే వస్తోందని గమనించడం వల్లే ఆయనకి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఎదురుగా రెండు స్పీకర్లు ఉన్నప్పుడు ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికే కాదు, సెకనులో వెయ్యో వంతు కూడా లేని ఆలస్యంతో కుడి చెవికీ చేరుతుంది. ఆ చిన్న తేడాని బట్టే గాయకుడు మధ్యలో, వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క కూర్చున్నట్టు మనకి తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే వెళుతుంది కాబట్టి కచేరీ మొత్తం తల లోపల జరుగుతున్నట్టుంటుంది. పాత సినిమా పాటలతో ఇది ఇంకా ఎక్కువ. ఘంటసాల గారు 1974లో పోయారు, ఆయన సినిమా పాటల్లో చాలా భాగం మోనో రికార్డింగులే, అంటే రెండు వైపులా ఒకటే శబ్దం. హెడ్‌ఫోన్స్‌లో ఆ గొంతు సరిగ్గా రెండు చెవుల మధ్య, కపాలం లోపల వినిపిస్తుంది, రికార్డు మీది చిటపటలు కూడా దాంతోపాటే. స్పీకర్లలో అదే గొంతు నాలుగడుగుల దూరంలో, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వస్తుంది. నాకైతే ఆ పాటలు అలా వింటేనే తృప్తి.

ఒక్క చిన్న బ్లూటూత్ స్పీకర్ చాలదా అని చాలామంది రాస్తుంటారు. వంటింట్లో పని చేసుకుంటూ వినడానికి చాలు. కచేరీకి చాలదు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి వెనక తంబురలో మంద్ర షడ్జం, అంటే అన్నిటికంటే కింది స, 65 హెర్ట్జ్ (సెకనుకి 65 కంపనాలు) దగ్గర ఉంటుంది, అరచేతిలో పట్టే డబ్బా అంత కిందికి దిగలేదు. మృదంగంలో కుడి వైపు టకటకలు వినపడతాయి, ఎడమ వైపు గుమ్మనే నాదం ఎగిరిపోతుంది. నాలుగంగుళాల వూఫర్ (కింది స్థాయి శబ్దాలు పలికే పెద్ద కోను) ఉన్న జత కూడా పూర్తిగా అంత కిందికి దిగదు గానీ మృదంగం మృదంగంలా వినిపించడానికి సరిపోతుంది.

ఇక నేను పడ్డ కష్టం చెబుతాను. పదేళ్ల కిందట ఒక దుకాణంలో డబ్బా మీద వేల వాట్లని అచ్చేసి ఉంటే మురిసిపోయి, పెద్ద సబ్‌వూఫర్ ఉన్న సెట్టు కొనేశాను. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) మాత్రమేనని, చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలని అప్పుడు తెలీదు. తెచ్చిన స్పీకర్లని హాల్లో అద్దాల షోకేసులో, పెళ్లి ఫొటోకి అటూ ఇటూ పెట్టాను. సబ్‌వూఫర్ మూలకి తోశాను. ఏ పాట పెట్టినా కింద గుమ్‌గుమ్, పైన అద్దాల గలగల, మధ్యలో గొంతు ఎక్కడో నూతిలోంచి. ఏడాది పాటు పరికరాన్నే తిట్టుకున్నాను. తర్వాత ఇల్లు సున్నం వేయించేటప్పుడు షోకేసు ఖాళీ చేసి స్పీకర్లని తాత్కాలికంగా రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద పెట్టాను, గోడకి అడుగున్నర ఎడంగా, ఒక్కోదాని కింద మడత పెట్టిన పాత తువ్వాలు. సబ్‌వూఫర్ తీగ పీకేసి ఉంది. ఆ సాయంత్రం పాట పెడితే అక్షరం అక్షరం విడివిడిగా వచ్చింది. అవే స్పీకర్లు. మళ్లీ షోకేసులోకి వెళ్లనివ్వలేదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీ కుర్చీకి కూడా ఒక్కోదాని నుంచి అంతే దూరం ఉండేలా, అంటే మూడు వైపులా సమానంగా ఐదడుగులో ఆరడుగులో పెట్టుకోండి. పైనున్న చిన్న గుండ్రటి ట్వీటర్ మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకి రావాలి. మూలలకి తోయకండి, మూల బేస్‌ని ఉబ్బించేస్తుంది. తర్వాత కూర్చున్న చోట గట్టిగా ఒక చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగాక కూడా టర్ర్‌మని సాగితే మీ గది ఖాళీ టైల్స్ నేలతో మోగుతోందన్నమాట, మన ఫ్లాట్లలో చాలా వాటికి ఇదే జబ్బు. స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద ఒక జంపఖానా, ఎదురు గోడకి మందపాటి కర్టెను, ఒక తెరిచిన పుస్తకాల అర, ఇంతకి మించి ఖర్చు అక్కర్లేదు. ఆంప్లిఫయర్ (శబ్ద సంకేతానికి బలమిచ్చే పరికరం) లోపలే ఉన్న పవర్డ్ స్పీకర్లు తీసుకోండి, ఇంకో పెట్టె కొనే పని తప్పుతుంది.

రాత్రి సంగతి వేరు. మన దేశంలో శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. రూలు అలా ఉంచండి, కింది ఫ్లాటువాళ్లకి మీ పాటలో గొంతు వినిపించదు, బేస్ ఒక్కటే వినిపిస్తుంది. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు, గోడలూ తలుపులూ దాన్ని పెద్దగా ఆపలేవు. పాట లేకుండా ఆ దడదడ మాత్రమే భరించడం ఎంత చిరాకో అవతల ఉన్నవాళ్లకే తెలుస్తుంది. పక్కగదిలో పదో తరగతి పిల్ల చదువుకుంటుంటే అసలు చెప్పక్కర్లేదు. అందుకే రాత్రికి హెడ్‌ఫోన్స్.

వాటిలో వెనక మూసి ఉన్న క్లోజ్డ్ బ్యాక్ రకం తీసుకోండి. వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ రకంలో పాట విశాలంగా, హాయిగా ఉంటుంది, నాకు అవే ఇష్టం, కానీ లోపలి పాట బయటికి, బయటి మాట లోపలికి వచ్చేస్తాయి. మంచం మీద పక్కన ఒకరు నిద్రపోతుంటే అది కుదరదు. హెడ్‌ఫోన్స్ కరెంటుని ఎంత అడ్డుకుంటాయో ఓమ్‌లలో రాసి ఉంటుంది. 32 ఓమ్‌ల దగ్గర ఉన్నవైతే ఫోన్ తేలిగ్గా నడిపిస్తుంది, 300 ఓమ్‌లవి మీ ఫోన్‌తో నీరసంగా పాడతాయి. ఫోన్‌కి జాక్ లేకపోతే సీ టైప్ నుంచి మార్చే చిన్న ముక్క దొరుకుతుంది. దుకాణంలో రెండు రకాలు పోల్చి చూసేటప్పుడు మీకు బాగా తెలిసిన పాటే పెట్టించుకోండి, రెండింటి సౌండూ ఒకేలా ఉండేటట్టు చూసుకోండి. కొంచెం గట్టిగా మోగేదే మంచిదని మన చెవి ఎప్పుడూ మోసపోతుంది, అమ్మేవాళ్లకి ఆ సంగతి తెలుసు.

మీ ఆవిడ అన్న మాటని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మా చిన్నప్పుడు గూట్లో రేడియో ఉండేది, పొద్దున్నే భక్తిరంజని పెడితే అమ్మ పొయ్యి దగ్గర, నాన్న దొడ్లో, నేను దుప్పట్లో ఉండే వినేవాళ్లం. ఇప్పటికీ ఏదైనా పాత తత్వం చెవిన పడితే నాకు కట్టెపొయ్యి పొగ వాసన వస్తుంది. ఆ పాటలు నేను ఎంచుకున్నవి కావు, నేర్చుకుందామని విన్నవీ కావు. మీ అమ్మాయికి మీకిష్టమైన రాగాలు అలా తగలాలంటే ఆదివారం పొద్దున హాల్లో స్పీకర్లు మోగాలి.

ప్రశ్న: మా బాబుకి పద్నాలుగేళ్లు. ఇంటికి రాగానే ఇయర్‌బడ్స్ పెట్టేస్తాడు, పడుకునేదాకా తీయడు. పిలిచినా పలకడు. ఈమధ్య చెవిలో గుయ్‌మంటోందని ఒకసారి అన్నాడు. మాన్పించాలా? (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: ముందు ఆ గుయ్‌మనడం గురించి. గట్టిగా విన్నాక వచ్చి కాసేపటికి పోతే చెవి అలసిపోయిందని అర్థం, అది హెచ్చరిక. ఒక రోజు దాటినా పోకపోతే, లేక పదే పదే వస్తుంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవమ్మా, టెన్షన్ పెట్టాలని కాదు గానీ ఈ ఒక్క విషయం పిల్లాడికి కూర్చోబెట్టి చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా వినొచ్చు, పిల్లలకైతే 75. అక్కణ్నించి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగమైపోతుంది: పెద్దవాళ్లకే 83 అయితే 20 గంటలు, 86 అయితే పది, 89 అయితే ఐదు. మీ అబ్బాయి ఎక్కువసేపు వినడం ఒక్కటే కాదు, బయట టీవీ, మిక్సీ, రోడ్డు మోతని దాటడానికి సౌండ్ పెంచుతూ పోతుంటాడు. అతని ఫోన్ తీసుకుని ఎంతలో పెడుతున్నాడో చూడండి, అరవై శాతం దాటనివ్వకండి. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో గరిష్ఠ సౌండుకి హద్దు పెట్టుకోవచ్చు.

పూర్తిగా లాక్కుంటే దాచుకుని వింటాడు. అతని బల్ల మీద ఒక చిన్న స్పీకర్ల జత పెట్టి, సాయంత్రం ఎనిమిది దాకా నీ పాటలు నువ్వు పైకే పెట్టుకో, మేమేం అనం అని చెప్పి చూడండి. ఆ పాటలు మీకు నచ్చకపోవచ్చు. రెండు గంటలు ఓర్చుకోండి, అతని చెవులకి ఆ రెండు గంటలూ విశ్రాంతి, పైగా మీరు పిలిస్తే వినపడుతుంది.

ప్రశ్న: మా మామగారు టీవీ సౌండ్ చాలా పెంచేస్తారు. తగ్గిస్తే మాటలు అర్థం కావట్లేదంటారు. హెడ్‌ఫోన్స్ కొనిస్తే అందరి నుంచీ వేరు చేసినట్టు అనుకుంటారేమోనని భయం. (గుంటూరు)

జవాబు: మీ భయం అర్థమైంది, మంచి మనసుతో అడిగారు. వయసుతో ముందుగా తగ్గేది పై స్థాయి శబ్దాలు వినడం. స, శ, ఫ లాంటి అక్షరాలు ఎగిరిపోతాయి. అందుకే ఆయనకి సౌండ్ వినిపిస్తుంది, మాట తెలియదు. పైగా ఇప్పటి పల్చటి టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికో వెనక గోడకో తిరిగి ఉంటాయి, మాట మన వైపు నేరుగా రాదు.

మొదట వినికిడి పరీక్ష చేయించండి. అది తప్పించుకుని ఏం కొన్నా వృథా. తర్వాత టీవీ కింద ఒక సౌండ్‌బార్ పెట్టి మాటలు తేటగా వినిపించే సెట్టింగ్ ఉంటే అది వేయండి, బేస్ తగ్గించండి. లేదంటే ఒక చిన్న స్పీకర్‌ని తీగతో ఆయన కుర్చీ పక్కనే స్టూలు మీద పెట్టండి, దగ్గరగా ఉంటే గదంతా మోత అక్కర్లేదు. హెడ్‌ఫోన్సే కావాలంటే కొనేముందు టీవీలో ఒకటి చూసుకోండి: కొన్నిటిలో హెడ్‌ఫోన్స్ కలపగానే టీవీ స్పీకర్లు మూగబోతాయి, కొన్నిటిలో రెండూ కలిసి పనిచేస్తాయి. రెండోది ఉంటే ఆయన తన సౌండ్‌లో, మీరు మీ సౌండ్‌లో, ఒకే సోఫాలో కూర్చుని ఒకే సీరియల్ చూడొచ్చు. పెద్ద బొత్తాం ఉండి, చెవి మీద మెత్తగా కూర్చునే రకం తీసుకోండి, చెవిలో దూర్చే బడ్స్ ఆ వయసులో జారిపోతుంటాయి.