‘అందరి యెదుట గద్దింపుము’: గద్దించడమా, మందలించడమా, ఖండించడమా?

సందేహం: మా సంఘంలో ఒక పెద్ద కానుకల డబ్బు సొంతానికి వాడుకున్నట్టు తేలింది. ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపించడానికి తీర్మానం రాస్తున్నాం. ‘బహిరంగంగా మందలించడమైనది’ అని ఒకరు, ‘ఖండించడమైనది’ అని ఇంకొకరు అంటున్నారు. బైబిల్లో ఉన్న ‘గద్దించు’ మాటే ఉండాలని మరొకరి పట్టు. పైగా మొదటి తిమోతి 5వ అధ్యాయం మొదటి వచనంలో ‘వృద్ధుని గద్దింపక’ అని, 20వ వచనంలో ‘అందరి యెదుట గద్దింపుము’ అని ఉంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? ఏ మాట వాడాలి? (ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా)

సమాధానం: ముందు ఆ రెండు వచనాల సంగతి. తెలుగులో రెండు చోట్లా ‘గద్దించు’ అనే ఉన్నా గ్రీకు మూలంలో రెండు వేరువేరు క్రియలు ఉన్నాయి. మొదటి వచనంలోది ‘ఎపిప్లెస్సో’. మాటతో కొట్టినంత పని చేయడం, విరుచుకుపడడం దాని అర్థం. వయసు మళ్లినవాడి మీద అలా విరుచుకుపడవద్దని, తండ్రితో మాట్లాడినట్టు మాట్లాడమని అక్కడి మాట. 20వ వచనంలోది ‘ఎలెంఖో’. అంటే తప్పును వెలుగులోకి తెచ్చి, రుజువు చూపి, అది తప్పేనని తేల్చడం. దీనికి గొంతు పెంచనక్కరలేదు, ఆధారం మాత్రం ఉండాలి. మొదటి వచనంలోని ‘వృద్ధుడు’, 19వ వచనంలోని ‘పెద్ద’ మూలంలో ఒకే మాట, ‘ప్రెస్బుతెరోస్’. ఒకచోట వయసును, మరోచోట సంఘంలోని బాధ్యతను చెబుతోంది కాబట్టి అనువాదకులు రెండు మాటలుగా విడదీశారు. అది మంచి పని. క్రియను కూడా అలాగే విడదీసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు.

‘ఎలెంఖో’కు మన బైబిల్ అన్నిచోట్లా ఒకే మాట వాడలేదు. యోహాను 16:8లో పరిశుద్ధాత్మ లోకాన్ని ‘ఒప్పుకొనజేయును’. యోహాను 8:46లో, నాలో పాపమున్నదని ఎవడు ‘స్థాపించును’ అని యేసు అడుగుతాడు. రెండవ తిమోతి 4:2లో ‘ఖండించుము గద్దించుము బుద్ధిచెప్పుము’ అని మూడు క్రియలు వరుసగా వస్తాయి. అక్కడ ఎలెంఖోకు నిలిచింది ‘ఖండించుము’. పక్కనున్న ‘గద్దించుము’ మూలంలో ఇంకో మాట. మార్కు 4:39లో యేసు గాలిని గద్దించినప్పుడు ఉన్న క్రియ ఆ రెండోదే. గాలికి రుజువు చూపి ఒప్పించేదేమీ ఉండదు, ఆజ్ఞతో అణచడమే. ఒప్పుకొనజేయు, స్థాపించు, ఖండించు, గద్దించు అనే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి తిమోతి 5:20లో పౌలు ఏం చెయ్యమంటున్నాడో తెలుస్తుంది. అరవమని కాదు, తప్పును స్థాపించమని.

అందుకే ఆ వచనానికి ముందు 19వ వచనం ఉంది: ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే తప్ప పెద్దమీద దోషారోపణ అంగీకరింపకుము అని. అందులో రెండు మాటలు ఇవాళ దారి తప్పిస్తున్నాయి. ‘దోషారోపణ అంగీకరింపకుము’ అన్నదాన్ని ‘తప్పు ఒప్పుకోవద్దు’ అని చదివేవాళ్లున్నారు. ఇక్కడ అంగీకరించడం అంటే విచారణకు స్వీకరించడం, కోర్టు పిటిషన్‌ను స్వీకరించినట్టు. ఇక ‘ఇద్దరు ముగ్గురు సాక్షులు’. మన వాడుకలో ‘ఇద్దరు ముగ్గురు వచ్చారు’ అంటే లెక్క పట్టింపు లేదు, కొందరు వచ్చారనే. ఇక్కడ లెక్క ఉంది. ద్వితీయోపదేశకాండము 19:15 ఇద్దరి మాట మీదగానీ ముగ్గురి మాట మీదగానీ సంగతి స్థిరపడాలంటుంది. అంటే కనీసం ఇద్దరు. మన ఆరాధనల్లో ‘సాక్ష్యం చెప్పడం’ అంటే దేవుడు చేసిన మేలు చెప్పడం కదా, ఈ సాక్షులు ఆ తరహా వాళ్లు కారు. చూసినది చూసినట్టు చెప్పగలిగినవాళ్లు. ‘అందరూ అనుకుంటున్నారు’ అనేవాళ్లు పదిమంది ఉన్నా ఈ లెక్కలోకి రారు.

20వ వచనంలో ‘ఇతరులు భయపడునట్లు పాపము చేయువారిని’ అన్నచోట వ్యాకరణం కాస్త నిలిచి చూడాలి. ‘చేయు’ తద్ధర్మ విశేషణం. ఒకసారి జరిగి ముగిసిన పనికి ‘చేసిన’ అంటాం. అలవాటుగా సాగే పనికి ‘చేయు’, ఇప్పటి వాడుకలో ‘చేసే’ అంటాం. మూలంలోనూ వర్తమానమే ఉంది. దాన్ని ‘పాపం చేసినవారిని’ అని మార్చి తీర్మానాల్లో ఎత్తిరాస్తే, ఎప్పుడో జారి, ఒప్పుకుని, సరిదిద్దుకున్నవాణ్ణి కూడా మళ్లీ నిలబెట్టినట్టవుతుంది. అదే వచనంలోని ‘ఇతరులు’ మూలంలో ‘మిగిలినవారు’. ఆ మిగిలినవారు తక్కిన పెద్దలా, సంఘమంతానా అన్న చర్చ ఉంది. ఏదైనా సంఘం లోపలివాళ్లే, ఊళ్లోవాళ్లు కారు.

దీన్నిబట్టి మీ తీర్మానంలోని ‘బహిరంగంగా’ తీసెయ్యండి. సామెతలు 27:5లో ‘బహిరంగముగా గద్దించుట మేలు’ అని ఉన్నమాట నిజమే. కానీ అది లోలోపలి ప్రేమకు ఎదురుగా నిలిపిన మాట, దాచకుండా అని దాని భావం. ఇవాళ బహిరంగం అనగానే బహిరంగ సభ, బహిరంగ లేఖ గుర్తొస్తాయి. వాట్సాప్‌లో నలుగురికీ పంపడానికి ఆ ఒక్క మాటే సాకవుతుంది. ‘సంఘం ఎదుట’ అని రాయండి, హద్దు స్పష్టంగా ఉంటుంది.

ఇక క్రియ. ‘మందలించు’ పైనుంచి కిందికి వెళ్లే మాట. తండ్రి కొడుకును మందలిస్తాడు, పంతులు పిల్లవాణ్ణి మందలిస్తాడు. ‘పోలీసులు మందలించి పంపేశారు’ అంటే కేసు పెట్టకుండా వదిలేశారనే అందరూ అర్థం చేసుకుంటారు. కానుకల డబ్బు విషయంలో ఆ అర్థం వినిపిస్తే సంఘానికి నష్టం. ‘ఖండించు’ ఇంకా చిక్కు. పత్రికల్లో ‘దాడిని ఖండించారు’ అంటే తప్పుపట్టారని. ‘ఆరోపణలను ఖండించారు’ అంటే అవి అబద్ధమన్నారని. మీ తీర్మానంలో ఒక వాక్యంలో సంఘం ఖండించి, రెండో వాక్యంలో ఆ పెద్ద ఖండిస్తే, వినేవాళ్లకు ఎవరు ఏమన్నారో తెలియదు. పైగా ఇవాళ మనం ఘటనలను, ప్రకటనలను ఖండిస్తాం. మనిషిని ఖండించడం వాడుకలో ఇమడదు.

అచ్చ తెలుగులో ఎలెంఖోకు బాగా దగ్గరి మాట ‘నిలదీయు’ అని నా అభిప్రాయం. దానికి మందలింపులోని పైచేయి అక్కర్లేదు. చిన్నవాడు పెద్దవాణ్ణి నిలదీయవచ్చు. నిలబెట్టి జవాబు అడగడం అందులో ఉంది. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో అంతియొకయలో పౌలు పేతురుతో చేసింది ఇదే. యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాకముందు అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి భోంచేసిన పేతురు, వాళ్లు వచ్చాక వెనక్కి తగ్గాడు. తప్పు అందరి కళ్లెదుట జరిగింది, దానివల్ల బర్నబా కూడా పక్కదారి పట్టాడు. అందుకని పౌలు ‘అందరి యెదుట’ అడిగాడు. ఆ మాటల్లో తిట్టు లేదు. నీ నడతకూ నువ్వు ఇతరులను బలవంతపెట్టేదానికీ పొంతన ఎక్కడ అన్న ఒక్క ప్రశ్న ఉంది. (తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుల్లో, అది ఇద్దరూ అనుకుని ఆడిన నాటకమని జెరోము వ్యాఖ్యానిస్తే, అలా అయితే లేఖనం అబద్ధమాడినట్టేనని అగస్టీను గట్టిగా ఎదురు రాశాడు. నేను అగస్టీను పక్షమే.) అక్కడి ‘ముఖాముఖిగా’ను ఇప్పటి పత్రికల ముఖాముఖిగా, అంటే ఇంటర్వ్యూగా తీసుకోకూడదు.

అయితే నిలదీయడం తీర్పుకు ముందు పని. మీ దగ్గర విషయం తేలిపోయింది కాబట్టి ‘గద్దించు’ ఉంచడమే మేలు. సంఘానికి అలవాటైన మాట, వచనాన్ని గుర్తుచేసే మాట. దాని పక్కన రుజువును తప్పనిసరిగా చెప్పండి, అప్పుడే ఆ మాటలో మూలంలోని బరువు ఉంటుంది. ఎండగట్టడం, ఏకిపారేయడం, దుమ్మెత్తిపోయడం వంటివి మాత్రం దరిచేరనివ్వవద్దు. అవి తప్పును వదిలి మనిషి మీద పడే మాటలు.

క్రియకన్నా ఎక్కువగా తీర్మానాలు చెడేది కర్తను దాచడంలో. ‘లెక్కల్లో కొన్ని పొరపాట్లు దొర్లాయి’, ‘అవకతవకలు జరిగాయి’ అని రాస్తారు. దొర్లడానికీ జరగడానికీ చేసినవాడు అక్కర్లేదు. పైగా పొరపాటంటే తెలియక చేసినది. తెలిసి వాడుకున్న డబ్బుకు ఆ మాట అబద్ధం. ఇలా రాయవచ్చు: ‘సంఘ పెద్ద ఫలానా గారు కానుకల డబ్బులో ఇంత మొత్తాన్ని సొంతానికి వాడుకున్నారు. రసీదు పుస్తకం వల్ల, ఇద్దరు సాక్షుల మాట వల్ల ఇది రుజువైంది. ఆయన చెప్పుకున్నదీ విన్నాం. ఇది తప్పని సంఘం ఎదుట ఆయనను గద్దిస్తున్నాం.’ మొత్తం అంకెల్లో, అక్షరాల్లో రెండింటా ఉండాలి. పేరు పక్కన ‘గారు’ ఉండనివ్వండి. ‘సదరు వ్యక్తి’ పోలీసు స్టేషను భాష. గద్దింపును భరించడానికి ఆయన ఇంకా సంఘంలోనే ఉన్నాడు మరి.

ఒక హద్దు చెప్పాలి. మత్తయి 18లో వరుస ఒంటరిగా గద్దించడంతో మొదలవుతుంది, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాత సంఘంతో. ఆ వరుసను చూపి నేరాన్ని లోపలే ఉంచేసే సంఘాలున్నాయి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అక్కడ ‘తప్పిదం’, ‘బలహీనత’ అని రాయకండి, ‘నేరం’ అని రాయండి.

చివరిగా ఇలాంటి తీర్మానాల్లో కనిపించే ‘క్షమించి తిరిగి చేర్చుకోవడమైనది’ అనే వాక్యం. రెండవ కొరింథీయులు 2:6 ‘ఈ శిక్షయే చాలును’ అని చెప్పి, వెంటనే క్షమించి ఆదరించమంటుంది. అక్కడ చేర్చుకోవడం సహవాసంలోకి. మీ తీర్మానంలో ‘తిరిగి చేర్చుకోవడం’ అని మాత్రమే ఉంటే, సంఘ పెద్ద పదవిలోకా, ప్రభువు బల్ల దగ్గరికా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. ‘సహవాసంలో చేర్చుకున్నాం’ అన్నది ఒక వాక్యం, ‘పెద్దగా కొనసాగరు’ అనో ‘ఫలానా తేదీ వరకు కానుకల లెక్కలు చూడరు’ అనో మరో వాక్యం, విడివిడిగా రాయండి.