మీ ప్రశ్న – మా జవాబు: మందుల ప్రకటనలు

ప్రశ్న: కావలిలో మాకు ఆయుర్వేద మందుల దుకాణం ఉంది. ‘షుగరు 40 రోజుల్లో మాయం’ అని కరపత్రాలు వేయిద్దామంటే ప్రెస్సువాళ్లు కుదరదన్నారు. మందుకు లైసెన్సుంది, వాడినవాళ్లకు తగ్గింది కూడా. ఇంకేమిటి అడ్డం?

జవాబు: ప్రెస్సువాళ్లు మిమ్మల్నీ కాపాడారు, తామూ బయటపడ్డారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం అచ్చేసినవాళ్లూ ప్రకటనలో పాలుపంచుకున్నట్టే. మీ లైసెన్సు సరుకుకే, ప్రచారానికి కాదు. అసలు మూడో సెక్షను దగ్గర మందు పనిచేస్తుందా లేదా అన్న వాదనే రాదు. చట్టానికి జతచేసిన జబ్బుల పట్టికలో ఉన్న జబ్బు పేరు చెప్పి మందును ప్రచారం చేశారా లేదా, అంతవరకే చూస్తారు. పట్టికలో 54 ఉన్నాయి: షుగరు, బీపీ, క్యాన్సరు, గుండెజబ్బులు, పక్షవాతం, మూర్ఛ, బొల్లి, ఊబకాయం, చివరికి ఒడ్డూపొడుగూ కూడా. జ్వరాలనైతే టోకున చేర్చేశారు.

‘నయం’ తీసేసి ‘అదుపు’ అని రాస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. సరిపోదు. ఉపశమనం, నివారణ, రోగనిర్ధారణ అన్నా అదే సెక్షను. ‘నాకు తగ్గింది’ అని ఎవరి ఫొటోనో వేసినా అంతే. వాట్సాప్ స్టేటస్సుకూ మినహాయింపు లేదు. లేబులు, నోటిమాట, వెలుతురు, శబ్దం, ఆఖరికి పొగతో చెప్పినా ప్రకటనేనని 1954లోనే రాసిపెట్టారు మరి! మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా.

దుకాణం పేరు, చిరునామా, మందు పేరు, ధర, వైద్యుడు కూర్చునే వేళలు వేసుకోండి. రిజిస్టరైన వైద్యుడు ఫలానా జబ్బుకు ఇక్కడ చికిత్స చేస్తామని తన ఆవరణలో బోర్డు పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటు మీ కరపత్రానికి రాదు. దగ్గు, అజీర్తి పట్టికలో లేవు గానీ వాటి గురించీ తప్పుదోవ పట్టించేలా రాస్తే నాలుగో సెక్షను కాచుకుని ఉంటుంది.

ప్రశ్న: ఒంగోలులో మా వీధికి ఆటోలో మైకు పెట్టుకుని వస్తున్నారు. ‘కిడ్నీలో రాళ్లు వారంలో కరుగుతాయి’ అని పొడి అమ్ముతున్నారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు: ముందు డబ్బా తిప్పి చూడండి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంటే అది ఆహారంగా అమ్ముతున్న సరుకు. ఆహారం రోగం తగ్గిస్తుందని చెప్పకూడదు. ఫుడ్ సేఫ్టీ అధికారికి రాయండి. జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉంది. మందు లైసెన్సు నంబరున్నా, ఏ నంబరూ లేకున్నా డ్రగ్స్ కంట్రోల్ అధికారులకు ఇవ్వండి. పోలీసులు కూడా నేరుగా కేసు కట్టొచ్చు. మా పరిధి కాదంటే, వాళ్లకు ఆ అధికారమిచ్చే 1954 చట్టంలోని సెక్షను 9ఏ గుర్తుచేయండి.

ఇలాంటి ఫిర్యాదులు వీగిపోయేది సాక్ష్యం దగ్గరే. మైకులో మాటలు, ఆటో నంబరు ఒకే వీడియోలో పడాలి. విడివిడిగా తీస్తే ఆ ఆటో మాది కాదంటారు. ఒక డబ్బా కొని సీలు తీయకుండా ఉంచండి. బిల్లు ఎలాగూ ఇవ్వరు, యూపీఐలో చెల్లిస్తే డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో తెలుస్తుంది. ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు కూడా చెప్పొచ్చు.

ప్రశ్న: తాయెత్తు కడితే ఫిట్సు పోతాయని దర్శిలో గోడపోస్టర్లు వేశారు. అది మందు కాదు కదా, ఈ చట్టం వర్తిస్తుందా?

జవాబు: వర్తిస్తుంది. తాయెత్తు, మంత్రం, కవచం ఐదో సెక్షను కిందికి వస్తాయి. ఎవరైనా కట్టుకుంటే ఈ చట్టానికి పట్టదు, జబ్బు పోతుందని ప్రకటిస్తేనే నేరం. కోపంకొద్దీ పోస్టరు చింపేయకండి. ఫొటో తీయండి, అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరుంటే అదీ పడేలా.