నీటి అలల మీద పీహెచ్‌డీ చేస్తే బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. కెమెరాతో నీటి ఉపరితలం ఆకారాన్ని కొలిచే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సులో చేర్పిస్తే ఏడాదిలో సెటిలవుతుందని మా బావమరిది అంటున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: పిల్ల ఏళ్ల తరబడి సంపాదన లేకుండా ఉండిపోతుందేమోనన్నది మీ అసలు బెంగ. ముందు అది వదిలేయండి. జేఆర్‌ఎఫ్‌కి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఇంటద్దె భత్యం వేరే.

ఇంతకీ తను చేయబోయేదేమిటో ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? బావమరిదిని అడగడానికి తీరిక దొరికింది కదా! తొట్టె అడుగున చిందరవందరగా చుక్కలు అచ్చేసిన షీటు పెడతారు, పైన కెమెరా బిగిస్తారు. నీళ్లు కదిలితే వక్రీభవనం వల్ల చుక్కలు పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి. ఏ చుక్క ఎంత జరిగిందో చూస్తే అక్కడ నీటి వాలు తెలుస్తుంది, ఆ వాలుల్ని సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తే అల ఎత్తు వస్తుంది. సగటు లోతు మాత్రం విడిగా కొలుచుకోవాలి. అల వంపు మరీ ఎక్కువైతే కిరణాలు ఒకదాన్నొకటి దాటేసి లెక్క మొత్తం చెడుతుంది. 1954లో కాక్స్, మంక్ అనే శాస్త్రవేత్తలు సముద్రం మీద ఎండ తళుకుల్ని విమానం నుంచి తీసిన ఫోటోలతోనే అలల వాలుకీ గాలి వేగానికీ లంకె తేల్చారు. ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్లు ఆ లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు, ఆ పేరుతో అమ్ముతున్న కోర్సుల మీదే అనుమానం. ఎవరో శుభ్రం చేసిచ్చిన డేటా మీద రెడీమేడ్ మోడల్ నడిపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ‘ఈ అంకెను ఎందుకు నమ్మాలి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామందికి నోరు పెగలదు. మీ అమ్మాయి రోజూ తలపడేది ఆ ప్రశ్నతోనే. ప్రోగ్రామింగూ, ఇమేజ్ ప్రాసెసింగూ ఎలాగూ వస్తాయి. రేపు మనసు మారితే అటు వెళ్లొచ్చు. అటునుంచి ఇటు రావడమే కష్టం.

ఉద్యోగాలకైతే విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్ (నౌకాదళ పరిశోధనశాల), హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), చెన్నైలో ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ), పుణెలో సీడబ్ల్యూపీఆర్‌ఎస్ (జల, విద్యుత్ పరిశోధన కేంద్రం) ఉన్నాయి. పోస్టులు తక్కువే, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు తప్పవు.

తను చేరాలనుకుంటున్న గైడ్ దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లు ఎన్నేళ్లకు పూర్తిచేశారు, ఇప్పుడెక్కడున్నారు, ల్యాబ్‌లో తొట్టె, హైస్పీడ్ కెమెరా నిజంగా ఉన్నాయా అన్నది చేరేముందే కనుక్కోవాలి. మీరు ఫోన్ చేయకండి, తననే అడగనివ్వండి.