96కి కారణాంకాల జతలు ఒక్కటీ వదలకుండా రాయడం ఎలా? ఎక్కడ ఆపాలి?

మీ అబ్బాయికి ఎక్కాలు బాగానే వచ్చు, అయినా 96కి కారణాంకాల జతలు రాయమంటే ప్రతిసారీ ఒకటో రెండో వదిలేస్తున్నాడు, ఎక్కడ ఆపాలో కూడా తెలియడం లేదన్నారు. చాలా ఏళ్లుగా పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. నేను చూసినంతలో ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలే ఇక్కడ ఎక్కువగా దొరికిపోతారు. 96 అనగానే ‘పన్నెండు ఎనిమిదుల తొంభై ఆరు’ నోటికి వచ్చేస్తుంది. 32వ ఎక్కం ఎవరూ వల్లె వేయరు కాబట్టి 3 × 32 తట్టదు.

అందుకని గుర్తు తెచ్చుకోవడం మానిపించి, భాగించడం మొదలుపెట్టించండి. 1 నుంచి వరుసగా ఒక్కో సంఖ్యతో 96ని భాగించాలి. శేషం రాకపోతే జత రాసుకోవాలి. శేషం వస్తే ఆ సంఖ్యని రాసి కొట్టేయాలి, చెరపకూడదు. కొట్టేసింది కళ్ల ముందు ఉంటే ‘5 చూశానా లేదా’ అని మళ్లీ వెనక్కి పోనక్కర్లేదు.

1 × 96
2 × 48
3 × 32
4 × 24
5 (కొట్టేశాం)
6 × 16
7 (కొట్టేశాం)
8 × 12
9 (కొట్టేశాం)

ఇక ఆపేయొచ్చు. ఎందుకంటే 10 × 10 అంటేనే 100, 96 దాటిపోయింది. జతలో రెండు సంఖ్యలూ 10 లేదా అంతకంటే పెద్దవైతే లబ్ధం 100కి తగ్గదు. అంటే ఏ జతలోనైనా ఒకటి 10 కంటే చిన్నదై ఉండాలి, ఆ చిన్నవన్నీ మనం చూసేశాం. ముందుకెళ్తే 12 × 8 వస్తుంది, అది పాతదే. దీన్నే వర్గమూలం దాకా చూస్తే చాలు అంటారు. చిన్న పిల్లలకి ఆ మాట చెప్పి టెన్షన్ పెట్టడం నాకిష్టం ఉండదు. ‘ఏ సంఖ్యని దానితోనే గుణిస్తే 96 దాటుతుంది?’ అని అడుగుతాను, వాళ్లే చెప్పేస్తారు.

కుడి పక్క సంఖ్యలు 96, 48, 32, 24, 16, 12 అని తగ్గుతూ వచ్చాయి కదా? ఎక్కడైనా పెరిగితే భాగహారం తప్పినట్టే.

కొందరు పిల్లలు ఒకవైపు రెట్టింపు, రెండోవైపు సగం చేసుకుంటూ పోతారు: 1 × 96, 2 × 48, 4 × 24, 8 × 12, 16 × 6, 32 × 3. చిత్రంగా 96కి ఆరు జతలూ వచ్చేశాయి! దాంతో ఇదే అసలు పద్ధతి అనుకుంటారు. 72తో చేసి చూడమనండి. 1 × 72, 2 × 36, 4 × 18, 8 × 9 దగ్గర ఆగిపోతుంది. 3 × 24, 6 × 12 ఎక్కడా కనిపించవు. తొందరగా జతలు పట్టుకోవడానికి పనికొస్తుంది గానీ దాన్నే నమ్ముకోకూడదు.

అన్నీ వచ్చాయో లేదో తేల్చుకోవాలంటే ప్రధాన కారణాంకాలుగా విడగొట్టండి. 96లో 2 అయిదుసార్లు, 3 ఒకసారి ఉన్నాయి. ఎన్నిసార్లు ఉన్నాయో ఆ 5కీ, 1కీ ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 6 × 2 = 12 కారణాంకాలు, అంటే 6 జతలు. 36కి ఇలా చేస్తే 3 × 3 = 9 వస్తుంది. బేసి సంఖ్య వచ్చిందని కంగారు పడొద్దు, 6 × 6లో 6 తనకు తానే జత. వర్గసంఖ్యలన్నిటికీ ఇంతే.

సంఖ్య బేసి అయితే పని సగం తగ్గుతుంది, సరి సంఖ్యల జోలికి పోనక్కర్లేదు. 135కి 1, 3, 5, 7, 9, 11 చూస్తే సరిపోతుంది. 7కి కూడా భాజనీయతా సూత్రం ఉంది కానీ, అది గుర్తు తెచ్చుకునేలోపు భాగించడమే అయిపోతుంది.

రేపు బీజగణితంలో ‘లబ్ధం 96, మొత్తం 20 వచ్చే రెండు సంఖ్యలేవి?’ అని వస్తుంది. ఈ పట్టికే తీసి మొత్తాలు చూసుకోవాలి: 97, 50, 35, 28, 22, 20. చివరి జత 8, 12 సరిపోయింది. మొత్తం 21 అడిగితే పూర్ణాంకాల్లో అలాంటి జతే లేదని ఖాయంగా చెప్పొచ్చు.

ముందు 72, తర్వాత 100, ఆ తర్వాత 91 ఇచ్చి చూడండి. వరుసగా 6, 5, 2 జతలు రావాలి. 91ని చాలామంది ప్రధాన సంఖ్య అనేస్తారు, 7తో భాగించే దాకా వెళ్లాడో లేదో చూడండి.