ముందు బోర్డు, తర్వాతే వేగం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ నాన్న 2012లో కొన్న కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేయకుండా దాని వేగాన్ని 4.7 గిగాహెర్ట్జ్‌కు పెంచి దానితో మళ్ళీ పని చేయించాలని నువ్వు అనుకోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. అందులో ఉన్నది ఇంటెల్ ఐ5-2500కె అని చదవగానే లేచి కూర్చున్నాను. 2011 జనవరిలో వచ్చిన ప్రాసెసర్ అది. ఓవర్‌క్లాకింగ్‌లో, అంటే కంపెనీ పెట్టిన దానికన్నా వేగంగా నడపడంలో, చెప్పిన మాట అంత బాగా విన్న ప్రాసెసర్‌ను నా చేతులతో మరొకదాన్ని బిగించలేదు. దాని అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.7. చాలావరకు 4.2, 4.3 దాకా పేచీ లేకుండా వెళ్తాయి. నువ్వు అడిగిన 4.7 సంగతి తర్వాత చెబుతాను.

ముందు నీ బాధ ఏమిటో తేల్చుకో. ఆన్ చేశాక రెండు నిమిషాలు కాచుకోవలసి రావడమే బాధ అయితే ఓవర్‌క్లాకింగ్‌తో అది తీరదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్.ఎస్.డి. పెట్టు, చాలు. వీడియో ఎడిటింగ్‌కు, ఆటలకు, నీ ప్రోగ్రాములు కంపైల్ చేసుకోవడానికి అయితే తేడా కనిపిస్తుంది. ఇంకొకటి, ఈ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే కొత్త ఆదేశాల సమూహం లేదు. దాన్ని తప్పనిసరి చేసిన కొత్త సాఫ్ట్‌వేర్ నువ్వు ఎంత వేగం పెంచినా దీని మీద నడవదు. ఇది తెలిసే డబ్బు ఖర్చు పెట్టు.

నీ దగ్గర ఇప్పుడున్నది హెచ్61 మదర్‌బోర్డు. దాని బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, మల్టిప్లయర్ (బేస్ క్లాక్ అనే 100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) కోసం ఎంత వెతికినా లాభం లేదు. ఆ చిప్‌సెట్ దాన్ని పెంచనివ్వదు. మల్టిప్లయర్ పెంచుకోవచ్చని చెప్పే ‘కె’ అనే ఒక్క అక్షరం కోసం మీ నాన్న చేత అదనంగా డబ్బు పెట్టించి, ఆ అక్షరం ఎందుకూ పనికిరాని బోర్డు అంటగట్టిన దుకాణదారు మీద నాకు ఇప్పటికీ కోపమే. నీకు కావలసింది పి67, జెడ్68, జెడ్77 చిప్‌సెట్లలో ఒకటి ఉన్న బోర్డు. పి67లో ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ వాడుకోలేవు, విడిగా కార్డు ఉండాల్సిందే. పైగా 2011 మొదట్లో వచ్చిన పి67 బోర్డులలో డిస్కులు తగిలించే సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ పాడయ్యే లోపం ఉందని ఇంటెలే ఆ జనవరి 31న ప్రకటించి వెనక్కి తీసుకుంది. సరిచేసి ఇచ్చిన వాటిని బి3 అంటారు. అందుకని పాత పి67 జోలికి వెళ్ళకు. జెడ్68 మంచిదే. జెడ్77 దొరికితే ఇంకా మంచిది, అందులో యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే ఉంది.

అయితే జెడ్77 అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. అసలు చూడవలసింది ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ ఉండే కరెంటు భాగాన్ని. ఎస్.ఎం.పి.ఎస్. (క్యాబినెట్‌లోని కరెంటు పెట్టె) నుంచి వచ్చేది 12 వోల్టులు, ప్రాసెసర్ తాగేది 1.2, 1.3 వోల్టులు. ఆ మార్పు చేసేది వి.ఆర్.ఎం. 1.25 వోల్టుల దగ్గర 120 వాట్లు కావాలంటే దాదాపు వంద ఆంపియర్ల కరెంటు ఆ కాస్త చోటు నుంచి వెళ్ళాలి. ఇంటి మెయిన్ దగ్గర కూడా సాధారణంగా అన్ని ఆంపియర్లు ఉండవు. అందుకే అక్కడ ఆ కరెంటును మోసే మాస్‌ఫెట్ చిప్పుల మీద మరలతో బిగించిన హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) ఉండాలి, ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే సాకెట్ ఎనిమిది పిన్నులది అయి ఉండాలి. నాలుగు పిన్నులది, హీట్‌సింక్ లేనిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అసుస్ పి8జెడ్77-వి, గిగాబైట్ జెడ్77ఎక్స్-యూడీ3హెచ్, ఆస్‌రాక్ జెడ్77 ఎక్స్‌ట్రీమ్4, ఈ మూడింటిలో ఏది దొరికినా కళ్ళు మూసుకుని కాదు గానీ, ధైర్యంగా తీసుకో.

కళ్ళు తెరిచే ఎందుకు చూడాలంటే, ఇప్పుడు ఇవన్నీ వాడినవే దొరుకుతాయి. ఈ రకం ప్రాసెసర్‌కు పిన్నులు ఉండవు. 1155 పిన్నులూ బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, ఒక్కొక్కటి వెంట్రుకంత. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళినా, ఇంకెక్కడ కొన్నా, సాకెట్ మూత తీయించు. ఫోను లైటు ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి, బోర్డును మెల్లగా తిప్పుతూ చూడు. పిన్నులన్నీ గాలికి ఒరిగిన వరి చేనులా ఒకే వైపు వంగి, ఒకేసారి తళుక్కుమనాలి. ఆ వరసలో ఎక్కడైనా నల్లని చుక్క కనిపించినా, ఒక మెరుపు పక్కకు తప్పినా అక్కడ పిన్ను వంగిందన్నమాట. సూదితో సరిచేసి ఇస్తామంటారు. ఒప్పుకోకు. వంగిన పిన్ను మెమరీ దారిలో ఉంటే రెండు స్లాట్లు పని చేయకుండా పోతాయి, అది ఇంటికి వచ్చాక గాని తెలియదు. కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, వి.ఆర్.ఎం. దగ్గర బోర్డు వెనక వైపు రంగు మారి గోధుమవర్ణానికి తిరిగిందా అన్నవి కూడా చూడు.

పాత కూలర్ మాత్రం తీసేయాల్సిందే. 120 మిల్లీమీటర్ల ఫ్యాను, నాలుగు రాగి గొట్టాలు ఉన్న టవర్ కూలర్ కొను. 1155, 1151, 1200 సాకెట్లన్నిటికీ బిగించే రంధ్రాల మధ్య దూరం ఒకటే కాబట్టి ఇప్పటికీ సరిపోయేవి దొరుకుతాయి. చాలా టవర్లు 16 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, కొనేముందు క్యాబినెట్ వెడల్పు కొలుచుకో. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు బఠాణీ గింజంత చాలు.

బిగించాక వెంటనే వేగం పెంచకు. బయోస్‌లో అన్నీ డిఫాల్ట్‌లో ఉంచి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపించు. మెమరీ 1.5 వోల్టులది అయి ఉండాలి. 1.65 వోల్టుల పాత ర్యామ్ ఎవరైనా ఊరికే ఇచ్చినా పెట్టకు. ఈ ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌కు అది మంచిది కాదు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ దగ్గరే వదిలెయ్యి. పాత ‘కోర్ 2’ ప్రాసెసర్ల కాలంలో మేము ఎఫ్.ఎస్.బి. అనే మూల క్లాకునే పెంచేవాళ్ళం, ఆ సలహాలు నీకు ఇంకా ఎవరో ఒకరు చెబుతారు. ఇందులో సాటా, పీసీఐ అన్నీ ఆ ఒక్క క్లాకుతో ముడిపడి ఉన్నాయి. నాలుగైదు మెగాహెర్ట్జ్ పెంచితే డిస్కుకే ఎసరు.

కదిలించవలసింది మల్టిప్లయర్‌ను, కోర్ వోల్టేజీని. వోల్టేజీని ‘ఆటో’లో వదలకు, బోర్డు అవసరం కన్నా ఎక్కువే పోస్తుంది. ముందు 1.25 దగ్గర స్థిరంగా పెట్టు. మల్టిప్లయర్ 40తో మొదలుపెట్టి ఒక్కొక్క అంకె పెంచు. ప్రతిసారీ ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే ప్రైమ్95 అరగంట నడిపి, కోర్ టెంప్ అనే ప్రోగ్రాములో వేడి చూడు. మెషీన్ ఆగిపోతే లేదా నీలితెర వస్తే ఒక మెట్టు దిగు, లేదా 0.01 వోల్టు కలుపు. 1.35 దాటనివ్వకు. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ (భారం పడ్డప్పుడు వోల్టేజీ పడిపోకుండా కాచే సెట్టింగు) మధ్య స్థాయిలో చాలు. అన్నిటికన్నా పైది పెడితే భారం తగ్గిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది, ఆ ఎగురు మనకు కనిపించదు. స్థిరపడ్డాక వోల్టేజీని వేగాన్ని బట్టి మారనిచ్చే ఆఫ్‌సెట్ పద్ధతికి మార్చు, పని లేనప్పుడు వేగం తగ్గించే స్పీడ్‌స్టెప్ ఆపకు. అప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగి, వోల్టేజీ కూడా తగ్గి చల్లగా ఉంటుంది.

ఇప్పుడు 4.7 సంగతి. వేడి వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. 1.2 వోల్టుల దగ్గర 3.7 నడుస్తోందనుకో. 1.25తో 4.2కు వెళితే పదమూడు శాతం వేగానికి ఇరవై మూడు శాతం అదనపు వేడి. 1.4తో 4.7కు వెళితే ఇరవై ఏడు శాతం వేగానికి డెబ్భై శాతం పైన. ఆ వేడిని మోసేది నువ్వు వాడినది కొన్న బోర్డు, అదీ విజయవాడ మే నెలలో. గదిలో పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ మీదా దాదాపు పది పెరుగుతాయి. డిసెంబరులో పరీక్షించి 80 చూసి సంబరపడితే ఎండాకాలంలో 90 చూస్తావు. చలికాలపు పరీక్షలో 65, ఎండాకాలంలో 75, ఇంతకు మించి వద్దు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఇదే ప్రాసెసర్‌ను 4.6 దగ్గర ప్రైమ్95 ఇరవై నిమిషాలు నడిపి, నిలకడగా ఉందనుకుని వదిలేశాను. ఆగిపోలేదు, నీలితెర రాలేదు. ఆ వారమే మీ తాతయ్య సహస్ర చంద్ర దర్శనం ఫొటోలు కెమెరా నుంచి ఎక్కించి, కార్డు తుడిచేశాను. తర్వాత తెరిస్తే సగానికి పైగా ఫొటోలు మధ్యలో తెగి కింద బూడిదరంగు పట్టీ. తాతయ్య అక్షింతలు వేయించుకుంటున్న ఫొటోలో తలపాగా వరకే ఉంది, ముఖం లేదు. అస్థిరమైన వేగం ప్రతిసారీ ఆగిపోయి చెప్పదు, ఒక్కోసారి నిశ్శబ్దంగా తప్పు రాస్తుంది. కనుక చివరగా నిర్ణయించిన సెట్టింగు మీద ప్రైమ్95 ఒక రాత్రి పూర్తిగా నడవాలి. అది పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో నీ ప్రాజెక్టు ఫైళ్ళు పెట్టకు, పెట్టినా ఇంకో చోట నకలు ఉండాలి.

హాస్టల్ గదిలో ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. బోర్డు ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకు. బయోస్ సెట్టింగుల్లో ఎక్కడైనా చిక్కుకుంటే కంగారుపడకు. ప్లగ్గు తీసేసి, బోర్డు మీద ఉన్న నాణెం లాంటి బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెడితే అన్నీ మొదటికి వస్తాయి.

బేరం కుదిరాక డబ్బు ఇవ్వకముందే ఆ సాకెట్ ఫొటోలు నాలుగు పక్కల నుంచీ తీసి నాకు పంపు. నేను భూతద్దం పెట్టుకుని చూసి ఫోను చేస్తాను.

మీ మామయ్య