నల్ల బీరు, పుల్ల బీరు: అనంతపురంలో ఉంటూ ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: పుణేలో ఉన్నన్నాళ్లూ వారాంతంలో బ్రూపబ్‌కి (అక్కడే బీరు కాచి పోసే పబ్) వెళ్లి స్టౌటో (నల్ల బీరు), సవర్ బీరో (పుల్ల బీరు) తాగడం అలవాటు. ఉద్యోగం మారి ఈమధ్యే అనంతపురం వచ్చాను. ఊళ్లో షాపులన్నీ తిరిగాను. ఒక చోట నల్ల బీరు ఉందా అని అడిగితే, బాగా కిక్కెక్కేది అడుగుతున్నాననుకున్నాడేమో, స్ట్రాంగ్ సీసా చేతిలో పెట్టాడు. ఈ చుట్టుపక్కల మంచి స్టౌట్, మంచి సవర్ దొరికే దారి ఉందా? బెంగళూరు నుంచి తెచ్చుకోవచ్చా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: షాపుల చుట్టూ తిరగడం ఇక ఆపేయండి. తప్పు షాపువాళ్లది కాదు. 2024 అక్టోబరులో కొత్త మద్యం పాలసీ వచ్చి రాష్ట్రంలో 3,396 షాపులు లాటరీలో ప్రైవేటు వాళ్ల చేతికి వెళ్లాయి, అంతకుముందు కనబడకుండా పోయిన బ్రాండ్లు చాలా తిరిగొచ్చాయి, అదంతా నిజమే. కానీ షాపు ఎవరిదైనా సరుకు రావాల్సింది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే. కంపెనీ తన లేబుల్‌ని ఇక్కడ రిజిస్టర్ చేయించుకుని డిపోకి సరుకు దింపితేనే షాపు ఓనరు ఇండెంట్ పెట్టగలడు. మన దగ్గర పోయేదంతా లాగర్ అనే పసుపు పచ్చ బీరు, అందులోనూ స్ట్రాంగ్. అడిగేవాళ్లు నలుగురు లేని స్టౌట్ కోసం ఏ కంపెనీ అయినా ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకుంటుంది చెప్పండి?

సీసాల్లో వచ్చే దేశీ స్టౌట్లు అసలు లేవని కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ నుంచి వచ్చే సింబా స్టౌట్ అలాంటిదే, ఏ ఊరు వెళ్లినప్పుడైనా బార్‌లో కనబడితే వదలొద్దు. కాకపోతే ముందు సీసా తిప్పి తయారైన తేదీ చూడండి. ఇది ఏ బీరుకైనా వర్తిస్తుంది, మన సీమలో మరీను. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఏసీ లేని గోడౌన్‌లో నెలల తరబడి పడి ఉన్న బీరు తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. ఆకుపచ్చ సీసాని ఎండ తగిలేచోట పెడితే అది ఇంకో రకం కంపు, హాప్స్ అనే పూల నుంచి వచ్చిన చేదు మీద వెలుతురు పడితే పుట్టేది. గోధుమ రంగు సీసా కొంతవరకు కాపాడుతుంది, క్యాన్‌లోకి వెలుతురు వెళ్లనే వెళ్లదు.

నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనే నమ్మకం ఆ షాపతనికే కాదు, చాలామందికి ఉంది. డబ్లిన్ స్టౌట్ గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం. మన షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మే పసుపు పచ్చ బీరులో 5 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. స్టౌట్‌కి ఆ రంగు వచ్చేది నల్లబడేదాకా వేయించిన బార్లీ గింజల వల్ల, కాఫీ, డార్క్ చాక్లెట్ లాంటి రుచి కూడా దాన్నుంచే, చాలావాటిలో కాఫీ గింజ ఒక్కటి కూడా పడదు. ఇంపీరియల్ స్టౌట్ అని రాసి ఉంటే మాత్రం జాగ్రత్త, అది 8 దాటి 12 దాకా పోతుంది. మిల్క్ స్టౌట్‌లో పాలలో ఉండే లాక్టోజ్ కలుపుతారు, దాన్ని బీరు ఈస్ట్ తినలేదు కాబట్టి తీపి అలాగే మిగిలిపోతుంది. పాలు పడనివాళ్లు అది అడక్కండి. నా మాట అడిగితే మొదట తీపి లేని డ్రై స్టౌట్ తాగండి, తీపి వాటి జోలికి తర్వాత వెళ్లండి. తీపి ఎక్కువైతే కింద బీరు బాగా కాచారో లేదో నాలుకకి తెలియదు.

ఇక దారి. మీరు బెంగళూరుకి సుమారు 210 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, దేశంలో మంచి బీరు కాచే ఊళ్లలో అదొకటి, ఈ రుచి ఉన్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో, మాగ్రత్ రోడ్డులో ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ 2012లో మొదలయ్యాయి, ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. కారు తీయకండి. కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ అనంతపురంలో ఆగుతుంది, మధ్యాహ్నానికి యశ్వంతపూర్‌లో దించుతుంది. అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారితే ఎంజీ రోడ్డు, ఇందిరానగర్, వైట్‌ఫీల్డ్ అన్నీ ఆ లైను మీదే. రాత్రికి ఉండిపోయి మర్నాడు రండి. తాగి బండి నడిపి దొరికితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు, ప్రాణం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వెళ్లేముందు ఫోన్ చేసి ఈ వారం ట్యాప్ మీద (కుళాయిలోంచి పట్టి పోసే బీర్లలో) ఏమున్నాయో అడగండి. ఏదో ఒక నల్ల బీరు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, సవర్ మాత్రం ఒక ట్యాంకు కాస్తారు, అయిపోతే మళ్లీ ఎప్పుడో. కూర్చోగానే పింట్ (పెద్ద గ్లాసు) చెప్పేయకుండా శాంపిల్ అడగండి, చిన్న గ్లాసులో పోసి ఇస్తారు, మొహమాటం అక్కర్లేదు. ఫ్రీజర్‌లో పెట్టిన మగ్గు వద్దనండి. స్టౌట్ రుచి తెలియాలంటే 10 డిగ్రీల అటూ ఇటూ ఉండాలి, మరీ చల్లగా వస్తే పది నిమిషాలు వదిలేయండి, వాసన దానంతటదే పైకొస్తుంది. నైట్రో స్టౌట్ (నైట్రోజన్ వాయువుతో పోసేది) ఉంటే పోసేటప్పుడు గ్లాసు పక్కనుంచి చూడండి. బుడగలు పైకి పోకుండా గోడ వెంట కిందికి జారుతుంటాయి. గ్లాసు మధ్యలో బీరు పైకి లేచి, అంచుల్లో కిందికి దిగుతూ ఆ సన్నటి బుడగల్ని లాక్కుపోవడమే కారణం. అది నిలబడి, కింద నలుపు, పైన వేలెడు మందాన మీగడ రంగు నురగ తేరేదాకా ఆగి అప్పుడు తాగండి.

తెచ్చుకోవడం సంగతి. వద్దు. ఒకప్పుడు పక్క రాష్ట్రం నుంచి మూడు సీసాల దాకా వెసులుబాటు ఉండేది, 2020లో అది పోయింది. పర్మిట్ లేకుండా తెస్తే కేసు. సరిహద్దు దగ్గర కొడికొండ చెక్‌పోస్టులో బస్సు ఆపి బ్యాగులు తీయించినప్పుడు రెండు సీసాల కోసం పడే టెన్షన్‌కి ఏ బీరూ విలువ చేయదు. పైగా ట్యాప్ మీద పోసే తాజా బీరుని సీసా బీరులా వేడిచేసి సీలు చేయరు, ఎండలో నాలుగు గంటలు ప్రయాణం చేసిందంటే మీరు అక్కడ తాగింది ఇదేనా అని మీకే అనుమానం వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా కజిన్స్ బ్రూపబ్‌కి తీసుకెళ్లి సవర్ బీర్ ఇప్పించారు. నాకు నచ్చింది. మా వారు మాత్రం అది పాడైపోయిన బీరు, పేరు మార్చి అమ్ముతున్నారు, కడుపు చెడుతుంది అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: కాదమ్మా. మీ వారికి ఈ మాట చదివి వినిపించండి. ఇంట్లో పాలు తోడుపెడితే పెరుగయ్యేది లాక్టిక్ బ్యాక్టీరియా వల్ల, సవర్‌ని పులియబెట్టేదీ ఆ జాతి బ్యాక్టీరియానే. మన దగ్గర ఎక్కువమంది చేసే పద్ధతిలో, బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) నానబెట్టి తీసిన తీపి నీళ్లని 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఒకటి రెండు రోజులు ఆ బ్యాక్టీరియాతో వదిలేస్తారు, పులుపు కావలసినంత ఎక్కగానే మరగబెట్టి దాన్ని చంపేస్తారు, ఆ తర్వాత మామూలుగా ఈస్ట్ వేస్తారు. జర్మనీ వాళ్ల బెర్లినర్ వైసె ఆల్కహాల్ 3 శాతం అటూ ఇటూ ఉండే తేలిక బీరు, గోజెలో అయితే ఉప్పు, ధనియాలు కూడా పడతాయి. ఉప్పు, పులుపు, ధనియాలు, మన నాలుకకి ఇందులో కొత్త ఏముంది?

బెల్జియంలో బ్రస్సెల్స్ దగ్గర లాంబిక్ అని కాస్తారు, దానికి ఈస్ట్ కూడా వేయరు. మరిగిన ఆ మాల్ట్ తీపి నీళ్లని చలికాలం రాత్రంతా వెడల్పాటి తొట్టిలో తెరిచి పెడితే గాలిలోని సూక్ష్మజీవులే దిగుతాయి, తర్వాత చెక్క పీపాల్లో ఒకటి నుంచి మూడేళ్లు. మీ వారు ఈత కల్లు తాగి ఉంటే ఆయనకి ఈ సంగతి కొత్త కాదు. పొద్దున చెట్టు దించినప్పుడు తియ్యగా ఉండి, సాయంత్రానికి పులిసి నురగ కట్టే కల్లులో పనిచేసేది కూడా ఎవరూ వేయని ఈస్ట్, బ్యాక్టీరియాలే, మూడేళ్ల పని ఎండ వేడికి ఒక్క పూటలో అవుతుంది. కర్నూలు, అనంతపురం చుట్టుపక్కల చలికాలంలో గీసేవాళ్లు తెలిసినవాళ్లైతే చెట్టు దగ్గరే, మీ కళ్ల ముందు దించిన కల్లే తాగండి. డిపో కల్లు, దుకాణం కల్లు ముట్టుకోవద్దు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తు మందులు కలిపి అమ్మడం తెలుగు రాష్ట్రాల్లో ఎన్నోసార్లు బయటపడింది, మనుషులు పోయారు కూడా.

నిజంగా పాడైన బీరు ఎలా తెలుస్తుందంటే, సవర్ పులుపు నిమ్మకాయలా శుభ్రంగా ఉండి నోట్లో నీళ్లూరిస్తుంది, గొంతు దిగాక చప్పున పోతుంది. వెనిగర్ ఘాటు ముక్కుకి తగిలినా, లాగర్ అని పోసినది పుల్లగా ఉన్నా, వెన్న కరిగించినట్టు జిడ్డు వాసన వచ్చినా గ్లాసు వెనక్కి పంపండి, ట్యాప్ పైపులు కడగకపోయినా అలా అవుతుంది. ఎసిడిటీ ఉన్నవాళ్లు, పంటి మీద ఎనామెల్ పోయినవాళ్లు పరిమితిలో ఉండాలి, ఆ మేరకు మీ వారి మాటలో న్యాయం ఉంది. ఈసారి సవర్‌తో పాటు నూనెలో వేగిన కారం ముక్క ఏదైనా చెప్పండి, జిడ్డుని పులుపు కోసేస్తుంది. స్టౌట్‌కి మాత్రం నిప్పుల మీద కాల్చిన మాంసం, లేదంటే మన వేయించిన శెనక్కాయలు. నాటుకోడి పులుసు, రాగి సంగటి పక్కన స్టౌట్ నాకు ఎప్పుడూ నప్పలేదు, చింతపండు పులుపు, మాడిన గింజ చేదు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మాల్ట్, హాప్స్, ఈస్ట్ అన్నీ దొరుకుతున్నాయి. ఇంట్లోనే స్టౌట్ కాచుకుంటే?
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: ముడిసరుకు కొనడం నేరం కాదు, లైసెన్సు లేకుండా దాన్ని పులియబెట్టి మద్యం చేయడం నేరం, సొంతానికి ఒక్క బకెట్టు అయినా సరే. అది వదిలేయండి. మీ ఆసక్తి కాచే పని మీదే అయితే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో వారం మధ్యలో, మధ్యాహ్నం పూట రద్దీ లేనప్పుడు బ్రూపబ్‌కి వెళ్లి బ్రూవర్‌తో మాట్లాడాలని అడగండి. అడిగితే సంతోషంగా ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. వేయించిన బార్లీ నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి చూడమంటారు, అప్పుడే ఆ ట్యాంకులోంచి పట్టిన స్టౌట్ ఒక గుక్క తాగండి.